రెడ్‌వుడ్ అడవిలో కాకిముద్ద

మా ఇంట్లో హైకింగ్ అంటే నా ఒక్కడి వ్యవహారం. శనివారం తెల్లారకముందే లేవడం, పదో పన్నెండో మైళ్లు నడవడం, మధ్యాహ్నానికి బురద బూట్లతో ఇల్లు చేరడం. ఎంత దూరం నడిచానో, ఎంత ఎత్తు ఎక్కానో వాచీ లెక్కేసి చెబుతుంది. ఆ లెక్క చూసుకున్నాక గానీ నాకు నడిచినట్టు ఉండదు.

2024లో అమ్మ ఆరు నెలలకని వచ్చింది. మొదటి రెండు నెలలూ గుడి, కాస్ట్‌కో, మళ్లీ గుడి. ఒకరోజు మా ఆవిడ గట్టిగానే అంది. "నువ్వొక్కడివే అడవులు పట్టుకు తిరుగుతావు. అత్తయ్యగారు కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూసుకుంటూ కూర్చుంటున్నారు. ఆవిణ్ణీ బుజ్జినీ తీసుకెళ్లొచ్చుగా?"

అమ్మకి అరవై ఎనిమిదేళ్లు, ఎడమ మోకాలు అరిగింది. బుజ్జికి ఐదేళ్లు, వంద అడుగులకోసారి "ఎత్తుకో" అంటుంది. వీళ్లిద్దరితో పన్నెండు మైళ్లు కుదరదు. వెతగ్గా వెతగ్గా ఫెల్టన్ ఊరి పక్కన ఉన్న హెన్రీ కోవెల్ పార్కు దొరికింది. పాత రెడ్‌వుడ్ చెట్ల మధ్య ఒక చుట్టు దారి. మొత్తం 0.8 మైలు, అంటే ముప్పావు మైలు పైన కాస్త. ఎత్తుపల్లాలు లేవు, వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది. నిజం చెప్పొద్దూ, ఆ అంకె చూసి నాకు నవ్వొచ్చింది. దీనికోసం కారేసుకుని శాంటాక్రూజ్ కొండలు దాటాలా అనుకున్నాను.

హైవే 17 వంపుల్లో బుజ్జి ఒకసారి వాంతి చేసుకుంది. అమ్మ తన కొంగుతోనే దాని మూతి తుడిచి, పర్సులోంచి నిమ్మకాయ తీసి వాసన చూపించింది. అమెరికాలో పర్సులో నిమ్మకాయ పెట్టుకు తిరిగే మనిషి మా అమ్మ. నేత చీర, దాని మీద నా పాత స్వెటర్, కాళ్లకి మా ఆవిడ కొనిచ్చిన స్పోర్ట్స్ షూస్. చేతిసంచీలో పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా.

దారిలోకి అడుగుపెట్టగానే చలేసింది. జూన్ నెల, పదింటికి కూడా పొగమంచు వదల్లేదు. వాన లేదు గానీ పైనుంచి చుక్కలు పడుతున్నాయి. ఇక్కడ ఎండాకాలంలో వానలుండవు. సముద్రం మీంచి వచ్చే మంచు ఈ చెట్ల ఆకులకి పట్టుకుని, నీరై, కిందికి జారి వేళ్లకి అందుతుంది. కొంత నీటిని ఆకులే నేరుగా పీల్చుకుంటాయి. ఈ జాతి చెట్టు కాలిఫోర్నియా తీరం వెంబడి, ఓరెగాన్ చివర కొంచెం, అంతే. మంచు అందేంత మేరే దాని రాజ్యం.

అమ్మ ఇవేమీ వినట్లేదు. తల వెనక్కి వాల్చి పైకి చూస్తోంది. చాలాసేపు చూసి, "మీ నాన్న చూడాల్సింది" అంది.

నాన్న రాజమండ్రిలో కలప అడితిలో గుమాస్తాగా చేశారు, ముప్పయ్యేళ్లు. దుంగ చుట్టూ టేపు వేసి, చుట్టుకొలతలో నాలుగో వంతు తీసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించేవారు. అదే ఘనపుటడుగుల లెక్క. కాగితం, పెన్సిలు అక్కర్లేదు. భోజనం చేస్తూ కూడా ఆ లెక్కలు గొణుక్కునేవారు. నలభయ్యేళ్లు పక్కనుండి విన్న అమ్మకీ అవి వచ్చేశాయి.

ఆ తోటలో అన్నిటికన్నా పొడవైన చెట్టు దాదాపు 277 అడుగులు, అడ్డంగా 16 అడుగులు అని చెప్పాను. అమ్మ వేళ్ల మీద మొదలుపెట్టింది. "చుట్టు యాభై వేసుకో. పావు పన్నెండున్నర. పన్నెండున్నర పన్నెండున్నరలు నూట యాభయ్యారు..." అక్కడ ఆగిపోయింది. "చుట్టు మధ్యలో కొలవాలి కదరా. అంత పైకి ఎవరెక్కుతారు?" అని నవ్వేసింది. అమ్మ అలా నవ్వగా చూసి చాలా రోజులైంది.

తర్వాత అడిగింది. "ఇంత కలప ఉంటే నరక్కుండా ఎలా వదిలేశార్రా?"

వదల్లేదు. నూటికి తొంభయ్యైదు వంతులు పాత చెట్లు నరికేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో 1906 భూకంపంలో, మంటల్లో పోయాక మళ్లీ కట్టుకున్నది చాలావరకు ఈ కలపతోనే. ఈ ముప్పావు మైలు తోట మిగిలిన ఐదు వంతుల్లోది. ఇది చెబితే అమ్మ "ఊఁ" అంది. అడితి మనిషి భార్య. తప్పు పట్టలేదు, మెచ్చుకోనూ లేదు.

నా హైకుల్లో నేను దాటి వెళ్లిపోయేవన్నీ ఆ రోజు ఆగి ఆగి చూశాను. చూడాల్సి వచ్చింది. బుజ్జి నేలమీద పసుప్పచ్చటి బనానా స్లగ్ దగ్గర పది నిమిషాలు కూర్చుంది. అది నత్త, కాకపోతే గుల్ల ఉండదు. అమ్మ దాన్ని ముందు అరటిపండు తొక్క అనుకుంది. కదలగానే రెండడుగులు వెనక్కేసింది. తర్వాత బుజ్జికి రెడ్‌వుడ్ కాయ ఒకటి దొరికింది, రేగిపండంత. అందులోంచి రాలే గింజ టమాటా గింజంత. "ఇంత గింజకి అంత చెట్టా?" అని బుజ్జి నన్ను మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఔనన్నాను. నమ్మలేదు.

దారి అంచున ఒకచోట అమ్మ వంగి చెయ్యి చాచింది. "మారేడు దళంరా, ఇక్కడా ఉందే!" నేను ఉరికి చెయ్యి పట్టుకున్నాను. అది పాయిజన్ ఓక్. మూడేసి ఆకులు, నిగనిగలాడుతూ అచ్చం మారేడులాగే ఉంటుంది. తాకితే ఒళ్లంతా దద్దుర్లు, వారాల తరబడి దురద. మూడాకులుంటే ముట్టకూడదన్నది ఇక్కడ పిల్లలకి నేర్పే మొదటి పాఠం. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "శివుడికి పెట్టేది ఇక్కడ విషమా" అని చిన్నగా అనుకుంది. నేను పట్టించుకోలేదు.

అక్కడ లోపల బోలుగా ఉన్న ఒక చెట్టుంది. పూర్వం ఫ్రీమాంట్ అనే సైనికాధికారి ఆ తొర్రలో రాత్రి పడుకున్నాడని చెప్పుకుంటారు. ముగ్గురం వంగి లోపలికి దూరాం. లోపల నిటారుగా నిలబడొచ్చు. చీకటి. బుజ్జి గుసగుసగా, "నానమ్మా, ఇది చెట్టు పొట్టా?" అంది. అమ్మ గోడ తడిమి చూసింది. ఎప్పటి మంటకో మసిబారిన గోడ. పైన మాత్రం చెట్టు పచ్చగా బతికే ఉంది.

ముప్పావు మైలుకి రెండు గంటలు పట్టింది. నది ఒడ్డున బల్ల మీద డబ్బాలు తెరిచాం. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి అమ్మ బల్ల చివర పెరుగన్నం ముద్ద ఒకటి పెట్టి ఉంది. చూస్తుండగానే నీలం పిట్ట ఒకటి దిగింది. తలమీద నల్ల కుచ్చు, గొంతు మాత్రం కర్ణకఠోరం. ముద్ద ముక్కున కరుచుకుని పోయింది.

"చూశావా! ఎంత తొందరగా ముట్టిందో!" అంది అమ్మ. ముఖం వెలిగిపోయింది. తిరుగు ప్రయాణంలో కూడా అదే మాట రెండుసార్లు అంది. పిట్ట అన్నం తింటే ఇంత సంబరమేమిటో నాకు అర్థం కాలేదు. బడలిక తీరిందేమో అనుకున్నాను.

ఆ తోటకి సంబంధించిన కథొకటి తర్వాత చదివాను. 1900లో శాన్‌హోజేకి చెందిన ఆండ్రూ హిల్ అనే ఫొటోగ్రాఫర్ అక్కడి చెట్ల ఫొటోలు తీశాడట. అప్పుడది ప్రైవేటు ఆస్తి. యజమాని ఒప్పుకోక ఆ ఫొటోలు తనకే ఇచ్చెయ్యమన్నాడు. హిల్ ఇవ్వలేదు. ఈ చెట్లు అందరివీ కావాలని పంతం పట్టి మనుషుల్ని కూడగట్టాడు. వాళ్ల పోరాటంతో 1902లో బిగ్ బేసిన్ అనే అడవి పార్కు అయింది. ఇప్పుడున్న కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో అదే అన్నిటికన్నా పాతది. హెన్రీ కోవెల్ నుంచి ఎంతో దూరం లేదు. అమ్మ సెప్టెంబరులో "మళ్లీ ఆ పెద్ద చెట్ల దగ్గరికి వెళ్దాంరా" అన్నప్పుడు, ఈసారి బిగ్ బేసిన్‌కి పార్కింగ్ రిజర్వ్ చేశాను.

అక్కడి సంగతి కొంత చెప్పాలి. 2020 ఆగస్టులో పిడుగులు పడి ఆ కొండలు అంటుకున్నాయి. బిగ్ బేసిన్‌లో నూటికి 97 వంతులు కాలిపోయింది. పాత ఆఫీసు భవనం, క్యాబిన్లు, అన్నీ బూడిద. రెండేళ్ల దాకా ఎవర్నీ రానివ్వలేదు.

ఆ రోజులు నాకు గుర్తున్నాయి. ఒకరోజు పొగకి ఇక్కడ ఆకాశం నారింజ రంగులోకి మారింది. పగలు లైట్లు వేసుకున్నాం. నాన్న టీవీలో చూసి ఫోన్ చేశారు. "అడవులు తగలబడుతున్నాయంటగా, ఏ చెట్లురా అవి?" అన్నారు. "ఏవో చెట్లు నాన్నా. మీటింగ్ ఉంది, మళ్లీ చేస్తా" అన్నాను. ముప్పయ్యేళ్లు కలప కొలిచిన మనిషి ఏ చెట్లని అడిగితే, ఏవో చెట్లన్నాను.

ఆ తర్వాతి మేలో నాన్న పోయారు. కోవిడ్ రెండో వేవ్. ఇండియా నుంచి అమెరికాకి ప్రయాణాల మీద సరిగ్గా ఆ వారమే ఆంక్షలు పెట్టారు. నేను వెళ్లగలను, ఎప్పుడు తిరిగి రాగలనో తెలీదు. ఇక్కడ బుజ్జికి రెండేళ్లు. అమ్మే ఫోన్‌లో "రావద్దు" అంది. నేను రాలేదు. కర్మ మా చిన్నాన్న కొడుకు చేశాడు. నేను వీడియోలో చూశాను, సగం సిగ్నల్ లేదు. ఇంటికి వెళ్లింది పందొమ్మిది నెలల తర్వాత.

బిగ్ బేసిన్‌లోనూ చిన్న చుట్టు దారి ఉంది, అర మైలు చిల్లర. పిల్లలు సులువుగా నడిచేస్తారు. కానీ అక్కడ హెన్రీ కోవెల్‌లో ఉన్న చీకటి లేదు, చల్లదనం లేదు. కొమ్మలు కాలిపోవడంతో ఎండ నేరుగా నేల మీద పడుతోంది. బొగ్గు స్తంభాల్లాంటి చెట్లు. ఆ నల్లటి మాను పొడవునా, మొదలు నుంచి పైదాకా, పచ్చటి కుచ్చులు. బుజ్జికి అవి స్వెటర్ తొడుక్కున్నట్టు కనిపించాయి.

అమ్మ మొదటి చెట్టు దగ్గరే నిలబడిపోయింది. "ఇది చచ్చిన చెట్టు కాదురా?"

కాదు. రెడ్‌వుడ్ బెరడు అడుగు మందం దాకా ఉంటుంది. బెరడు కింద మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి, కొన్ని శతాబ్దాలుగా. మంట వచ్చి కొమ్మలన్నీ పోయాక అవి లేస్తాయి. ఆకు లేని చెట్టు ఆహారం తయారు చేసుకోలేదు కదా, మరి చిగురు దేంతో వేస్తుంది? ఈ అడవిలోనే శాస్త్రవేత్తలు ఆ సంగతి పరిశీలించారు. ఆ చిగుళ్లలో ఉన్నది దశాబ్దాల క్రితం చెట్టు దాచుకున్న పిండిపదార్థమట. ఎప్పటి ఎండతోనో చేసుకున్న తిండిని ఇప్పుడు తీసి వాడుకుంటోంది.

"పాతర ధాన్యం" అంది అమ్మ. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

నడక అయ్యాక నీడ వెతుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాం. డబ్బాలు తెరిచాం. అమ్మ ముద్ద కలిపి బల్ల చివర పెట్టబోయింది. పైన కొమ్మ మీద నీలం పిట్ట అప్పటికే తయారు.

"అమ్మా, వద్దు. ఇక్కడ పెట్టకూడదు."

ఎందుకో చెప్పాను. మర్‌లెట్ అని ఒక సముద్రపు పక్షి ఉంది. చేపలు తిని బతుకుతుంది. గుడ్డు మాత్రం మైళ్ల కొద్దీ లోపలికి ఎగిరొచ్చి, ఇలాంటి ముసలి చెట్ల పైకొమ్మల మీద, నాచులో పెడుతుంది. గూడు కట్టదు. ఒకటే గుడ్డు. దాని గూడు ఎక్కడో చాలాకాలం ఎవరికీ తెలీలేదు. 1974లో ఈ అడవిలోనే, చెట్టెక్కిన ఒకాయనకి కనపడింది. ఇప్పుడది అంతరించిపోయే దశలో ఉంది. మనం వదిలే మెతుకులకి ఈ నీలం పిట్టలు, స్టెల్లర్స్ జేలు, బల్లల చుట్టూ పెరిగిపోతాయి. పెరిగి, మర్‌లెట్ గుడ్డునీ పిల్లనీ తినేస్తాయి. అందుకే ఇక్కడ మెతుకు కూడా వదలొద్దంటారు.

"ఒక్క ముద్దకేనా?"

"అందరూ ఒక్క ముద్దే అనుకుంటారమ్మా."

"పిట్టకి పెడితే పాపమొస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు" అంది. గొంతు మారింది. "ఇది కాకి కూడా కాదు. అయినా ఏదో ఒకటి ముడుతోంది కదా అని పెడుతున్నాను."

నేను తెలివి చూపించాను. "నిజానికి ఇది కాకి జాతిదే."

"అయితే కాకే కదరా!"

"అమ్మా, ఇక్కడి రూల్ అది. బాల్కనీలో పెడుతుంటే అపార్ట్‌మెంట్ వాళ్లు రెండుసార్లు కాగితం అంటించారు. నేనేమన్నా అన్నానా? ఇది అడవి. ఇక్కడ మాత్రం వద్దు." అరవలేదు గానీ, అరిచినట్టే ఉండింది. అమ్మ చెయ్యి వణికి ముద్ద కింద పడింది. పిట్ట దిగబోతే చెయ్యి ఊపి తరిమాను.

కొంచెంసేపు ఎవరం మాట్లాడలేదు. బుజ్జి బల్ల కిందికి దూరి, దుమ్ములోంచి మెతుకులు ఒక్కొక్కటే ఏరి ఖాళీ మూతలో వేస్తోంది. పైకి లెక్కపెడుతోంది, సగం తెలుగులో సగం ఇంగ్లీషులో.

అమ్మ ఆ కాలిన చెట్లకేసి చూస్తూ చెప్పింది. "పదో రోజున గోదావరి రేవులో పిండం పెడితే కాకి ముట్టలేదురా. కర్ఫ్యూ రోజులు, నలుగురమే ఉన్నాం. గంట దాటింది. గోడమీద కూర్చుని చూస్తోంది గానీ దిగట్లేదు. ఏం కోరిక ఉండిపోయిందో, ఎవరన్నా మాటివ్వండమ్మా అన్నాడు పంతులుగారు. తమ్ముడు ఏదో అన్నాడు, రాలేదు. నేను దగ్గరికెళ్లి, వాడొస్తాడండీ, వచ్చి వాడి చేత్తో పెడతాడు అన్నాను. అప్పుడు దిగింది."

నాకెవరూ ఈ సంగతి చెప్పలేదు. అడగనూ లేదు నేను.

"వచ్చాను కదమ్మా తర్వాత."

"వచ్చావు. పదిహేను రోజులున్నావు. వీసా స్టాంపింగ్ అన్నావు, బ్యాంకు అన్నావు. తద్దినం రోజుకి లేవు కదా. ఏ ఏడూ లేవు." అని నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు. "నీ తరఫున మాటిచ్చింది నేను. నిన్ను అడిగి ఇవ్వలేదు. అందుకే రోజూ ఒక ముద్ద పెడతాను. గడువు అడుగుతున్నా అనుకో."

నాకు ఇక్కడి అడవుల నియమాలు చాలా వచ్చు. ఏ దారిలో కుక్కని తీసుకెళ్లకూడదో, ఏ ఆకు ముట్టకూడదో, ఏ పిట్టకి పెట్టకూడదో. అవి తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ అమ్మ మూడు నెలల కిందట హెన్రీ కోవెల్‌లో "ఎంత తొందరగా ముట్టిందో" అన్నప్పుడు, ఆ మాట వినడానికి నాకు ముప్పావు మైలు, రెండు గంటలు చాలలేదు.

"మీరిద్దరూ ఫైట్ చేస్తున్నారా?" అంది బుజ్జి బల్ల కిందనుంచి.

"లేదమ్మా" అంది అమ్మ. మోకాలు పట్టుకుని మెల్లగా కిందికి వంగింది. బుజ్జి పక్కన నేలమీద కూర్చుంది, చీరకి బొగ్గు మసి అంటుతున్నా. ఇద్దరూ కలిసి మిగిలిన మెతుకులు ఏరారు. నేనూ దిగాను. ఆ నేల మీద కాలిన బెరడు పొడి, కొత్తగా మొలిచిన గడ్డి, మధ్యలో అన్నం మెతుకులు. తెల్లగా ఉంటాయి కాబట్టి దొరికాయి. బుజ్జి లెక్క ప్రకారం నలభై మూడు.

అమ్మ డబ్బా మూత బిగించి సంచీలో పెట్టుకుంది. "దానికి ఒక్క గుడ్డేనా పాపం?" అని అడిగింది కారెక్కాక. ఔనన్నాను. మళ్లీ ఏమీ అనలేదు. హైవే 17 వంపుల్లో ఈసారి బుజ్జి నిద్రపోయింది.

ఆ రాత్రి అమ్మ నాకూ బుజ్జికీ చేతిలో ముద్దలు పెట్టింది, నా చిన్నప్పుడు పెట్టినట్టు. నానమ్మ చేతి ముద్ద అయ్యాక, చివరి ముద్ద నన్ను పెట్టమంది బుజ్జి. పెట్టాను. అమ్మ చూస్తూ ఉంది.

అక్టోబరులో అమ్మ వెళ్లిపోయింది. నేను ఇప్పటికీ శనివారాలు నడుస్తాను. నెలకోసారి మాత్రం వాచీ ఇంట్లో పెట్టి, బుజ్జితో హెన్రీ కోవెల్ వెళ్తాను. ముప్పావు మైలు. దాని రికార్డు రెండు గంటల ఇరవై నిమిషాలు.

ఈ ఏడు తద్దినానికి టికెట్లు తీసుకున్నాను, ముగ్గురికీ. మేలో. ఆ సంగతి చెబుదామని అమ్మకి వీడియో కాల్ చేస్తే, పెరట్లో ఉంది. ప్రహరీ మీద కాకి. అమ్మ ఫోన్ తిప్పి చూపించింది. బుజ్జి స్క్రీన్‌కి ముక్కు ఆనించి జాగ్రత్తగా చూసింది.

"అక్కడ మర్‌లెట్ లేదుగా నానమ్మా," అంది. "పెట్టొచ్చు."